ఓడకు పూత, ఒంటికి మలాము

అనంతపురం సీమకు సముద్రం లేదు. కాని సముద్రాలు ఉన్నవి. బుక్కరాయసముద్రం అందులో ఒకటి. దాని తోబుట్టువైన అనంతసాగరం పేరుమీదనే ఊరికి అనంతపురమన్న పేరు వచ్చినదని చెప్పుకుంటారు. విజయనగరపు తొలి రాజుల నాడు, 14వ శతాబ్దిలో, ఈ చెరువులకు కట్టలు వేసినారు. చిత్రావతి ఒడ్డున బుక్కపట్నం మరొకటి. పట్నమన్న మాట మన తీరంలో రేవుకు చెల్లుతుంది: మచిలీపట్నం, విశాఖపట్నం, నిజాంపట్నం. బుక్కపట్నానికి మాత్రం ఏ ఓడా రాలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడ సరిగా పడని నేలలో నీటికి సముద్రమని, సాగరమని పేరు పెట్టుకొన్న మనుష్యుల మనస్సు ఎట్టిదో ఊహించుకోవచ్చును. ఉన్నదానిని చూచి పెట్టిన పేర్లు కావవి. లేనిదానిని కోరి పెట్టినవి.

అట్టి సీమకూ తెరచాపల ఓడలకూ ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. సంబంధం రెండు విధాల ఉన్నది. ఒకటి చర్మానికి సంబంధించినది. రెండవది ఆకలికి సంబంధించినది.

ముందు చర్మం సంగతి. ఓడకు కూడ చర్మం ఉన్నది. పలకకూ పలకకూ నడుమ సందులో నుంచి ఉప్పునీరు లోపలికి రాకుండ చూచుకొనడమే ఓడవానికి నిత్యమైన పని. యూరపు ఓడలలో పాత తాళ్ళను విప్పి, ఆ పీచును సందులలో కొట్టి, పైన మరుగుతున్న తారునో పైను చెట్ల జిగురునో పోసేవారు. మన తీరంలో పైను చెట్లు లేవు. అందుచేత మన ఓడవారు గుగ్గిలాన్ని నూనెలో కరగించి పూసినారు. ఓడ అడుగుకు సున్నమూ నూనె కలిపి మెత్తగా నూరిన పూత వేసినారు. నీటిలో నానిన కొయ్యను పురుగు తొలవకుండ ఆ పూత కొంత కాచేది. అలలలో దిగి సరుకు మోసే మసూలా పడవలకయితే మేకులే ఉండవు. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి, కుట్టు కింద గడ్డి పెట్టి బిగించేవారు. కుట్లు, పట్టీలు, పూతలు! పడవ కట్టేవాని పనికీ గాయం కట్టే వైద్యుని పనికీ భాష ఒకటే కావడం కేవలం కాకతాళీయం కాదు.

గోదావరి పాయ ఒడ్డున కోరంగి, తాళ్ళరేవు గ్రామాలు ఇట్టి ఓడల నిర్మాణానికి పేరుపొందినవి. బర్మాకూ మలయాకూ వలసపోయిన తెలుగువారిని అక్కడివారు ‘కోరంగీ’లని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం ప్రయాణం చేసినదో తెలుస్తుంది. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని దెబ్బతీసినవి. దానికి ఎన్నో శతాబ్దుల ముందు, 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం మన సముద్ర వ్యాపారానికి గొప్ప సాక్ష్యం. అంతకు ముందటి రాజులు గాలివానకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును తమదిగా చేసుకొనేవారు. గణపతిదేవుడు సుంకం తప్ప మరేమీ తీసుకొననని మాట ఇచ్చినాడు. సుంకం పడే సరుకుల జాబితాలో గంధపు చెక్క, కర్పూరం, పన్నీరు, మిరియాలు కనిపిస్తాయి. కర్పూరంలో దేశవాళీ వేరు, చీనా కర్పూరం వేరు. గంధమూ కర్పూరమూ పన్నీరూ భోగానికే కాదు, మందుకూ వాడే వస్తువులు. చర్మం మీది మంటకు గంధం, దురదకు కర్పూరం నేటికీ మన ఇండ్లలో ఉన్నవే గదా.

గుగ్గిలమన్న మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది. సంస్కృత వైద్యగ్రంథాలలోని గుగ్గులువు వేరు, మన అంగళ్ళలోని గుగ్గిలం వేరు. గుగ్గులువు రాజస్థానం, కాఠియావాడు, సింధు ఎడారి నేలలలో పెరిగే ఒక ముళ్ళపొద జిగురు. వాతరోగాలకు లోపలికి ఇచ్చే మందు అదే. మన తెలుగువాడు గుగ్గిలమని పొగ వేసేదీ, మలాములో కలిపేదీ సంస్కృతంలో సర్జరసం, అంటే సాల జాతి వృక్షాల బంక. పేరు దగ్గర కావడంచేత ఒకదాని గుణం మరొకదానికి అంటగట్టిన పుస్తకాలు ఎన్నో ఉన్నవి. నిఘంటువు చేతిలో పెట్టుకొని వైద్యం చేస్తే వచ్చే చిక్కు ఇది. సుశ్రుతుడు రెంటినీ వేరుగానే ఎరుగును. పుండుకు పొగవేసే ద్రవ్యాలలో గుగ్గులువునూ సర్జరసాన్నీ వేపాకునూ తెల్ల ఆవాలనూ విడివిడిగా చెప్పినాడు.

ఈ సర్జరసమిచ్చే చెట్లలో ఒకటి ప్రపంచంలో మరెక్కడా లేక, ప్రధానంగా మన రాయలసీమ కొండలలోనే పెరుగుతుంది. అనంతపురానికి తూర్పున కడప, చిత్తూరు జిల్లాల కొండలు, తిరుపతి శేషాచలం దాని నివాసం. సామర్లకోటలో 1781 మొదలు తోట పెంచి, తరువాత 1793లో కలకత్తా తోటకు పెద్దగా వెళ్ళిన డాక్టరు విలియం రాక్స్‌బర్గు ఈ చెట్టుకు ‘షోరియా తంబుగ్గాయియా’ అని నామకరణం చేసినాడు. ముందు భాగం నాటి గవర్నరు జనరలు జాన్ షోరు గౌరవార్థం. వెనుక భాగం స్థానికుల నోట విన్న పేరు. దొర పేరూ కొండవాని పేరూ ఒకే కొమ్మమీద కూర్చున్నవి. దీని బంకను పొగకూ వాడేవారు, ఓడల కార్ఖానాలలో తారుకు బదులుగానూ వాడేవారు. మన కరవు సీమ అంచుకొండల మీద రాతి సందులలో బతికే చెట్టు కన్నీరు, తాను ఎన్నడూ చూడని కడలిమీద ఓడ పగుళ్ళను పూడ్చినదన్నమాట. అనంతపురం అడవులలో పెరిగే అందుగ చెట్టు బంక ఇంకొక రకం. దానిని సాంబ్రాణికి, పట్టులకు వాడతారు.

ఇక మనిషి చర్మానికి వస్తాము. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి ‘గ్లోబు’ ఓడ 1611లో పులికాటు మీదుగా వచ్చి నిజాంపట్నం, మచిలీపట్నం రేవులలో లంగరు దించినది. ఆనాటి నుంచి మన తీరానికి వచ్చిన ఓడలన్నిటిలో వైద్యుని పెట్టె ఒకటి ఉండేది. ఆ పెట్టెలో ఏమేమి ఉండవలెనో చెప్పడానికి కంపెనీ వైద్యాధికారి జాన్ వుడాల్ 1617లో ఒక పుస్తకమే వ్రాసినాడు. అందులో మలాములకూ పట్టీలకూ పెద్ద పీట. ఎందుకంటే ఓడమీద మనిషి చర్మానికి శత్రువులు చాలమంది. తాడు జారితే అరచేయి ఊడివస్తుంది. బట్టలు ఉప్పునీటిలోనే ఉతకాలి. అవి ఎప్పటికీ పూర్తిగా ఆరవు. ఆ ఉప్పు చంకలలో, నడుముమీద, ముంజేతులమీద ఒరిసి కురుపులు లేపుతుంది. వందలమంది పక్కపక్కన పడుకొన్నచోట గజ్జి ఒకరినుంచి ఒకరికి పాకడానికి ఒక రాత్రి చాలు. మరుగుతున్న తారు చింది కాలిన చేతులు సరేసరి.

ఆ పెట్టెలో అందరికీ తెలిసిన మలాము ‘బాసిలికాను’. గ్రీకు మాట, రాజలేపనమని అర్థం. పేరు చూచి అందులో ముత్యాలూ బంగారమూ ఉంటాయనుకొనరాదు. పైను చెట్టు బంక, తేనెమైనం, ఆలివు నూనె: ప్రధానంగా ఈ మూడే. ఈ మూడింటి జాబితా చదువగానే రాయలసీమ పల్లెలో పుట్టినవారికి ఒక పరిచితమైన వాసన తగలవలె. ఎండకాలంలో మడమలు పగిలినప్పుడు గుగ్గిలం పొడి, తేనెమైనం, నూనె కలిపి కాచి, చల్లార్చి పగుళ్ళలో నింపే మలాము ఇదే కాదా? బంక మారినది, నూనె మారినది, సూత్రం మారలేదు. మలామన్న మాట కూడ ఓడలెక్కి వచ్చినదే. అరబ్బీ ‘మర్హమ్’ హిందూస్తానీలో ‘మల్హమ్’ అయి మన పల్లెలో మలామయినది. ఓడ నడిపే సరంగు, పనిచేసే కళాసీ, లస్కరు కూడ ఆ దారినే వచ్చిన మాటలు. లేపనం గ్రంథాలలో ఉండిపోయినది. పల్లెవాని నోట మలాము నిలిచినది.

మన వైద్యులు సర్జరస మలాము చేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. నువ్వుల నూనె కాచి, అందులో గుగ్గిలం పొడి కొద్ది కొద్దిగా వేసి కరగనిస్తారు. కరగిన దానిని వెడల్పు పళ్ళెంలోని చన్నీటిలో పోసి చేత్తో పిసుకుతారు. నీరు పారబోసి మళ్ళీ నీరు, మళ్ళీ పిసకడం. ఎన్నోమార్లు కడిగిన తరువాత ఆ గోధుమవన్నె ముద్ద తెల్లనై వెన్నలాగ పొంగుతుంది. కడిగేకొద్దీ నీటి బిందువులు నూనెలో ఇమిడిపోతాయి. పూసినప్పుడు చల్లగా తగలడానికి అదే కారణం. బంక గాయాన్ని అంటిపెట్టుకొని గాలినీ దుమ్మునూ కొంత అడ్డుకొంటుంది. మైనమూ నూనె చర్మంలోని తేమను పోనీయవు. ఇందులో మంత్రం ఏమీ లేదు. పగిలిన మడమ పనిచేయని ఓడపలక వంటిది. సందు పూడితే చాలు, తక్కిన పని ప్రకృతి చేసుకొంటుంది. వేరుశనగ చేలలో ఉత్త కాళ్ళతో నడిచే సీమలో ఈ మలాము విలువ వైద్యశాస్త్రంకంటె రైతుకు ఎక్కువ తెలుసు.

సున్నం సంగతి ఇంకా చిత్రం. ఓడ అడుగున సున్నమూ నూనె పూసినారని చెప్పుకొన్నాము. కాలిన పుండుకు సున్నపు తేటలో కొబ్బరినూనె వేసి వెన్నలాగ గిలకొట్టి పూయడం మన ఇండ్లలో ముసలమ్మలందరికీ తెలిసిన వైద్యం. స్కాట్లాండులో కారన్ ఇనుప కార్ఖానావారు తమ కొలిమి కూలీల కాలిన గాయాలకు సరిగా ఇదే వాడినారు. అక్కడి నూనె అవిసె నూనె. దానికి ‘కారన్ నూనె’ అనే పేరు ప్రపంచమంతట వ్యాపించినది. అదే కార్ఖానా ఓడలకు ‘కారనేడు’ అనే పొట్టి ఫిరంగులను పోతపోసినది కూడ! కాల్చే సాధనమూ, కాలితే పూసే మందూ ఒకే ఇంటి పేరుతో లోకంలోకి వచ్చినవి. అయితే ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పు. కాలిన చోట వెంటనే చల్లని నీటిధార ఇరవై నిమిషాలు పడనిచ్చి, శుభ్రమైన బట్ట కప్పి వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళడమే నేటి శాస్త్రం చెప్పే మార్గం. నూనె పూస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. పాతదంతా పూజ్యం కాదు. ఓడవైద్యుని పెట్టెలోనే పాదరసపు మలాము కూడ ఉండేది. అది కొందరికి చేసిన మేలుకంటె చాలమందికి చేసిన కీడు ఎక్కువ. మూలిక అనగానే కండ్లు మూసుకొని మ్రొక్కేవారూ, మూలిక అనగానే నవ్వేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు: ఇద్దరూ పరీక్షించి చూడరు.

గజ్జికి యూరపు ఓడలలో గంధకపు మలాము వాడేవారు. అది నిజంగా పనిచేసే మందే. మన పక్క అదే పనికి కానుగ నూనె, వేపనూనె. అనంతపురం జిల్లాలో రోడ్ల పక్కన, వంకల వెంట, పొలం గట్లమీద ఎక్కడ చూచినా కానుగే. ఎండలో కూడ ఆకు రాల్చకుండ నీడ ఇచ్చే చెట్టు. ఆకు పొలానికి ఎరువు, గింజల నూనె దీపానికీ దురదకూ. 1868లో డాక్టరు వేరింగు సంపాదకత్వాన వెలువడిన ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’ అనే ఔషధ సంహితలో వేపకూ కానుగకూ చోటు దొరికినది. మరుసటి ఏడు, 1869లో, మద్రాసు వైద్యుడు ముహియుద్దీన్ షరీఫ్ దానికి అనుబంధ గ్రంథం వ్రాసి, ఒక్కొక్క మందుకు తెలుగుతో సహా అనేక దేశభాషలలో పేర్లు ఇచ్చినాడు. ఇది చిన్న సేవ కాదు. దొర వైద్యుడు లాటిను పేరు చెప్పితే మన అంగడివాడు ఏ పొట్లం కట్టవలెను? ఒక పేరుకు మూడు వస్తువులు, ఒక వస్తువుకు ఏడు పేర్లు ఉన్న దేశంలో పేర్లు సరిచేయడమే సగం వైద్యం. గుగ్గిలం కథ ఇప్పుడే చూచినాము గదా.

మద్రాసు రేవునుంచి మారిషసుకూ నేటాలుకూ కూలీలుగా వెళ్ళిన తెలుగువారి ఓడలలోనూ ఈ వస్తువులే ప్రయాణం చేసినవి. 1860లో మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ ఆ సంవత్సరం నవంబరు 16న దర్బను చేరినది. నేటాలుకు మన కూలీలను తీసుకొని వెళ్ళిన మొదటి ఓడ అదే. ఇట్టి ఓడలకు నిర్ణయించిన భత్యంలో బియ్యం, పప్పు, నెయ్యి, నూనెలతోపాటు పసుపు, చింతపండు తప్పనిసరి. పసుపు వంటకే కాదు, పుండుకు. నూనె కూరకే కాదు, తలకూ ఒంటికీ. చింతపండును మాత్రం వేరొక ఆశతో చేర్చినారు. ఆ ఆశ పేరు స్కర్వీ నివారణ.

ఇక్కడ మలాముల కథ ముగిసి, మలాములు ఓడిపోయిన కథ మొదలవుతుంది.

స్కర్వీ వచ్చిన నావికునికి మొదట నీరసం. తరువాత చిగుళ్ళు వాచి నల్లబడి రక్తం కారుతాయి. కాళ్ళమీద చర్మం కింద మచ్చలు లేస్తాయి. చిన్న గీత పడినా మానదు. 1740 మొదలు 1744 వరకు భూప్రదక్షిణం చేసిన ఆన్సను నావికాదళంలో సుమారు 1,900 మంది బయలుదేరగా 1,400 మంది దాకా చనిపోయినారు. ఎక్కువమందిని చంపినది శత్రువు కాదు, రోగాలు. వాటిలో స్కర్వీ ముందుది. ఆ ఓడలో ఒక ముసలి సిపాయి ఉండేవాడు. 1690లో ఐర్లండులోని బాయిను యుద్ధంలో తగిలిన గాయం అతనికి మానిపోయి యాభై ఏండ్లయినది. స్కర్వీ సోకగానే ఆ పాత గాయం, ఎన్నడూ మాననట్లుగా, మళ్ళీ నోరు తెరచినది. నేడు కారణం తెలుసు: మచ్చను పట్టి ఉంచే కొల్లాజెను అనే తంతువును శరీరం నిత్యం నేసుకొంటూనే ఉండాలి, ఆ నేతకు సి విటమిను కావాలి. అది లేకపోతే యాభై ఏండ్లనాటి కుట్టయినా విడిపోతుంది. పైనుంచి ఎంత రాజలేపనం పూసినా లోపలి దారం తెగినది గదా!

విచిత్రమేమంటే మందు తెలిసినవారు ముందునుంచీ ఉన్నారు. 1601లో కంపెనీ మొదటి యాత్రకు నాయకుడైన జేమ్సు లాంకాస్టరు తన ఓడలోని వారికి ఉదయాన్నే మూడు చెంచాల నిమ్మరసం పోయించినాడు. ఆ ఓడవారు నిలబడినారు, తక్కిన మూడు ఓడలవారు మంచం పట్టినారు. వుడాల్ పుస్తకంలో కూడ నిమ్మరసం ఉన్నది. కాని నూరు మందుల నడుమ ఒక మందు. ఏది పనిచేసినదో ఎవరికీ నిర్ధారణ లేదు. 1747 మే నెలలో ‘సాలిస్బరీ’ ఓడ వైద్యుడు జేమ్సు లిండు పన్నెండుమంది రోగులను ఏరి, ఇద్దరిద్దరిగా విడదీసి, ఆరు విధాల మందులు ఇచ్చి చూచినాడు. అందరికీ తిండి ఒకటే, పడక ఒకటే. ఒక జంటకు వెల్లుల్లి, ఆవాలు, ముల్లంగి వేరు, పెరూ దేశపు బంక, బోళం కలిపిన లేహ్యం. తాగడానికి చింతపండు పులుసు కలిపిన బార్లీ నీరు. మన వంటయిల్లు సగం అందులో ఉన్నది! ఆ జంటకు మేలు కలుగలేదు. మరొక జంటకు దినానికి రెండు నారింజలు, ఒక నిమ్మపండు. పండ్లు ఆరు దినాలకే అయిపోయినవి. అప్పటికే వారిలో ఒకడు పనిలోకి వెళ్ళినాడు, రెండవవాడు తక్కినవారికి పరిచర్య చేయసాగినాడు.

లిండు గ్రంథం 1753లో వెలువడినది. బ్రిటిషు నౌకాదళం నిమ్మరసాన్ని నియమంగా ఇవ్వ మొదలుపెట్టినది 1795లో. నడుమ నలభైరెండేండ్లు. అంతటితో తప్పు దిద్దుకొన్నారా అంటే అదీ లేదు. 19వ శతాబ్ది నడుమ మధ్యధరా తీరపు నిమ్మలకు మారుగా వెస్టిండీసు పుల్లనిమ్మల రసం కొన్నారు. పులుపు ఎక్కువ, గుణం తక్కువ. 1875లో ఉత్తర ధ్రువానికి బయలుదేరిన నేర్సు యాత్రలో స్కర్వీ మళ్ళీ తాండవించినది. పులుపే మందనుకొనడం వలన వచ్చిన ప్రమాదమిది. కూలీల ఓడలలో చింతపండు చేర్చినదీ ఆ భ్రమతోనే. చింతపండు నోటికి రుచి, కడుపునకు హితం. కాని అందులో సి విటమిను చాల స్వల్పం.

ఇప్పుడు అనంతపురానికి తిరిగి రావచ్చును. స్కర్వీ ఓడల రోగమని పేరుపడినదే కాని, అది సముద్రాన్ని ఎరుగదు. పచ్చని ఆకు లేకపోవడాన్ని మాత్రమే ఎరుగును. ముట్టడిలో చిక్కిన కోటలకు, చెరసాలలకు, కరవు సీమలకు అది వచ్చేది. 1876-78 నాటి ధాత కరవులో ఈ నేల ఓడకంటె ఒంటరి. అప్పటికి అనంతపురం వేరు జిల్లా కాదు. 1882లో బళ్ళారి జిల్లానుంచి విడిపోయినది. ఆ ఉమ్మడి బళ్ళారి జిల్లా జనసంఖ్య 1871, 1881 లెక్కల నడుమ సుమారు ఐదింట ఒక వంతు తగ్గినది. ధాన్యం బండ్లమీదా రైలుమీదా కొంత వచ్చినది. ఆకుకూర ఏ రైలుమీద వస్తుంది? గింజ దొరికినవాడు కూడ నెలల తరబడి ఉత్త గింజమీదనే బతుకవలసివస్తే అతని స్థితి నడిసముద్రంలో ఎండురొట్టె తిన్న నావికుని స్థితికి భిన్నం కాదు. 1939-40లో పంజాబులోని హిస్సారు కరవులో స్కర్వీ స్పష్టంగా బయటపడినది. అక్కడ వైద్యులు ఉసిరికాయతో దానిని నయం చేసినారు. రెండవ ప్రపంచయుద్ధంలో మన సైనికులకు ఉసిరి పొడి, మాత్రలు పంపినారు. నారింజకంటె ఎన్నో రెట్లు సి విటమినుగల ఫలం. ఎండబెట్టినా ఇతర ఫలాలవలె అంతా పోగొట్టుకొనదు. లిండుకు ఉసిరికాయలు దొరికి ఉంటే, ఆరవ దినానికి పండ్లు అయిపోయినవని విచారించవలసిన అవసరం ఉండేది కాదు.

ఈ సీమవారు ఉసిరిని కార్తీకమాసానికి, వైద్యుని లేహ్యానికి వదలి, దినదినమూ ఆధారపడినది ఆకుమీద. తొలకరి రెండు చినుకులు పడగానే చేలలో ఎవరూ విత్తని కూరలు మొలుస్తాయి: గురుగాకు, చెంచలాకు, తోటకూర, గంగపాయలాకు. పెరటిలో మునగ, దాని ఆకులో సి విటమిను నారింజను మించినది. గంగపాయలాకు ఎర్రని కాడతో, మందపాటి చిన్ని ఆకులతో నేలను అంటిపెట్టుకొని పాకుతుంది; నోటికి పుల్లగా, జిగటగా తగులుతుంది. లోకమంతట తెరచాపల కాలపు నావికులు ఒడ్డు కనబడగానే వెదకిన ఆకులలో ఇది ఒకటి. 1768-71 నడుమ తిరిగిన కెప్టెను కుక్కు ఎక్కడ లంగరు దించినా మొదట మనుష్యులను ఆకు కోయ పంపేవాడు. ఆస్ట్రేలియా తీరంలో వారు కోసి వండుకొన్న వాటిలో పాయలకూర ఉన్నది. కుక్కు పటంలో గీచిన తీరాలను మనవారు చూడలేదు. అతని గిన్నెలోని కూరను మాత్రం ఎరుగుదురు. కూలికి పోయి తిరిగివచ్చే స్త్రీ కొంగులో వేసుకొని వచ్చే ఈ ఆకుకు ధర లేదు, అందుచేత ఏ లెక్కలోనూ ఎక్కదు. 20వ శతాబ్ది చివరికి లక్షల ఎకరాలు వేరుశనగ ఒక్కటే అయినప్పుడు, ఆపైన కలుపు మందులు వచ్చినప్పుడు, ఈ ఆకులు ‘కలుపు’ కింద జమ అయినవి. కొర్రలు, సజ్జలు, అలసందలు కలిపి చల్లిన చేనిలో కూరకు చోటుండేది. ఒకే పంట చేనిలో అది నేరస్థురాలు.

జ్వరానికి వాడిన సోమిద చెట్టు మాట కూడ రెండు ముక్కలు చెప్పవచ్చును. సింకోనా బెరడు ఓడలమీద దక్షిణ అమెరికానుంచి రావలసిన కాలంలో, దానికి మారుగా మన పొడి అడవులలోని ఈ చెట్టు బెరడును రాక్స్‌బర్గు ప్రచారం చేసినాడు. 1794లో ఎడింబరోలో ఒక విద్యార్థి దీనిపై పట్టాకు సిద్ధాంతవ్యాసమే వ్రాసినాడు. సింకోనా ముందు అది నిలబడలేదు. కాని తెలుగు మాట నిలిచినది: వృక్షశాస్త్రంలో ఆ ప్రజాతి పేరు నేటికీ ‘సోయిమిడా’. మందుగా ఓడిపోయి మాటగా గెలిచిన చెట్టు.

తంబుగై చెట్టుకు ఆ అదృష్టం కూడ సగమే. బంకకోసం కాండానికి పెట్టిన గాట్లు, కలపకోసం నరుకుడు, అడవి మంటలు కలిసి దానిని అపాయంలో ఉన్న వృక్షాల పట్టికకు ఎక్కించినవి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు ఈ సీమ మొక్కలను సేకరించి, ఎండబెట్టి, కాగితాలకు అతికి, పేరుపెట్టి భద్రపరచినారు. అక్కడ ఒక రెమ్మ చూడవచ్చును. కొండమీద చెట్టును చూడడం నానాటికీ కష్టమవుతున్నది.

మడమల పగుళ్ళకు మలాము కాచుకొనే ఇల్లు ఇంకా అక్కడక్కడ ఉన్నది. పాతూరు అంగడిలో గుగ్గిలం అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. అది ఏ చెట్టుదని అడిగే అలవాటు కొనేవానికీ లేదు, చెప్పే అవసరం అమ్మేవానికీ లేదు. దేశంలో నేడు అమ్ముడుపోయే ఆ బంకలో చాల భాగం ఇండోనీసియా దీవులలో గీచినది. సంచులలో నిండి, ఓడలమీద మన రేవులకు దిగి, లారీలలో ఈ కొండలు దాటి వస్తున్నది.